తరగతి గదిలో పొంగిన చిన్నపేగు

మనిషి చిన్నపేగు దాదాపు ఆరు మీటర్ల పొడవుంటుందని మీరూ చిన్నప్పుడు చదివే ఉంటారు. చదివి ఊరుకున్నారు కాబట్టి ఇవాళ సుఖంగా ఉన్నారు. నేను ఊరుకోలేదు. ఒకటి తయారుచేశాను. తయారుచేసి, ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో మా అమ్మాయి చదివే బడికి పట్టుకెళ్ళి, క్లాసులో పిల్లలందరి చేతికీ ఇచ్చి, అందులోకి ఇడ్లీని, పాలకూర పప్పుని ప్రవేశపెట్టాను. ఆ తర్వాత జరిగినదాన్ని ఆ బడిలో ఇప్పటికీ 'ఆ శుక్రవారం' అంటారట. ఏ శుక్రవారమని ఎవరూ అడగరట.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో నాకు తెలివి ఎక్కువ. ఇప్పుడు బాగా తగ్గింది. ఎలా తగ్గిందో చెప్పడానికే ఇదంతా.

ఇంటర్లో నేను బైపీసీ. డాక్టరు సీటు నన్ను దూరం నుంచే చూసి పక్క సందులోకి తిరిగిపోయింది. తిరిగి తిరిగి ఎంసీఏ చేసి సాఫ్ట్‌వేర్ టెస్టర్‌నయ్యాను. అంటే ఎదుటివాళ్ళ పనిలో తప్పులు వెతికి జీతం తీసుకునే ఉద్యోగం. కానీ నాలోని డాక్టరు చావలేదు. భోజనాల వేళకి లేచి కూర్చునేవాడు. మా ఆవిడ సునీత ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆలస్యం, "ఇప్పుడు నీ లాలాజలం ఆ అన్నంలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తోంది, తెలుసా?" అనేవాణ్ణి.

"తెలుసండీ. నిన్న కూడా మార్చింది," అనేది సునీత.

మా అమ్మాయి హాసిని మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని వినేది. ఆ ఏడాదే మేము లండన్ శివారు హేస్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి మిల్టన్ కీన్స్‌లో ఇల్లు తీసుకున్నాం. ఏడాది మధ్యలో కొత్త బడి. ఇయర్ ఫోర్, అంటే మన లెక్కలో మూడో తరగతి. ప్లేగ్రౌండ్‌లో కంచె పక్కన ఒక్కతే నిలబడి, లంచ్‌బాక్స్ మూత తీస్తూ పెడుతూ కాలక్షేపం చేసేదని వాళ్ళ టీచరు మిస్ టర్నర్ చెప్పారు. సాయంత్రం "ఇవాళ ఎవరితో ఆడుకున్నావమ్మా?" అని అడిగితే, "నో వన్. ఇట్స్ ఫైన్," అనేది. ఆ 'ఫైన్' వినగానే సునీత స్టవ్ వైపు తిరిగిపోయేది. నేను ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు నటించేవాణ్ణి.

అలాంటి పిల్ల ఒకరోజు కారెక్కి బెల్టు పెట్టుకుంటూనే, "నాన్నా, ఐ పుట్ మై హ్యాండ్ అప్ టుడే," అంది.

"అవునా! ఎందుకమ్మా?"

తిన్న ఆహారం ఒంట్లో ఎలా ప్రయాణం చేస్తుందో క్లాసుకి వచ్చి చూపించే అమ్మానాన్నలు ఎవరైనా ఉన్నారా అని మిస్ టర్నర్ అడిగారట. ఆ బడిలో చేరాక మొదటిసారి హాసిని చెయ్యెత్తిందట.

"ఐ సెడ్ మై డాడ్ నోస్ ఎవ్రీథింగ్ అబౌట్ టమ్మీస్."

మా ఊళ్ళో రౌండబౌట్లకి కరువు లేదు. ఆనందంలో నేను ఒకదాని చుట్టూ తిరుగుతూ బయటికెళ్ళే దారి మర్చిపోయి ఇంకో చుట్టు తిరిగాను. వెనకాలవాడు హారన్ కొట్టాడు. నాకది చప్పట్లలా వినిపించింది.

మర్నాడు మిస్ టర్నర్ ఫోన్ చేశారు. "చాలా తేలిక, మిస్టర్ కొల్లి. ఒక అరటిపండు, నాలుగు బిస్కెట్లు, కాస్త ఆరెంజ్ జ్యూసు సంచిలో వేసి పిసికి, పాత టైట్స్‌లోంచి పిండితే చాలు. ప్రతి ఏడూ అలాగే చేస్తాం. పిల్లలకి భలే ఇష్టం."

"అలాగేనండీ," అని ఫోన్ పెట్టేశాను గానీ, కడుపు మండిపోయింది. అరటిపండా! బైపీసీ చదివినవాడితో అరటిపండు పిసికిస్తారా!

"ఆవిడ చెప్పినట్టు చేసేస్తే పోలా?" అంది సునీత.

"అరటిపండుని నమిలేదేముంది సునీతా? పళ్ళకి పనేది? ఆరెంజ్ జ్యూసు ఎక్కడ, జఠరరసం ఎక్కడ? పసిపిల్లలకి అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం కాదండీ, అరటిపండు."

హాసిని కూడా బతిమాలింది. "నాన్నా, ప్లీజ్, జస్ట్ డూ ద బనానా వన్. ఎవ్రీవన్ డస్ ద బనానా వన్."

"అందరూ చేసేదే మనమూ చేస్తే ఇంక మనమెందుకమ్మా?" అన్నాను గంభీరంగా. చరిత్రలో చాలా రాజ్యాలు ఈ వాక్యం తర్వాతే కూలి ఉంటాయని నాకు గట్టి అనుమానం.

నా పథకం వినండి. విన్నాక మీరే అంటారు, శాస్త్రప్రకారం ఇందులో ఒక్క తప్పు లేదని. అదే కదా నా దరిద్రం!

నోటికి స్టీలు గిన్నె, దంతాలకి పప్పుగుత్తి, లాలాజలానికి నీళ్ళు. అన్నవాహికకి వేళ్ళ దగ్గర కత్తిరించేసిన నా సాక్సు. ఉతికిందే లెండి. జీర్ణాశయానికి జిప్పున్న దళసరి ప్లాస్టిక్ సంచి, అందులో ఆమ్లానికి బదులు వెనిగర్. ఇక చిన్నపేగు! హేస్‌లో వేర్‌హౌస్‌లో పనిచేసే మా పాత పొరుగాయన్ని బతిమాలి, సామాన్లు ప్యాక్ చేసే ప్లాస్టిక్ గొట్టం తెప్పించాను. చెయ్యంత వెడల్పు, అద్దంలా కనిపించేది, సరిగ్గా ఆరు మీటర్లు. చివర పెద్దపేగుగా, సునీత చలికాలంలో కాళ్ళకి తొడుక్కునే పాత టైట్స్. రెండింటి మధ్యా ఒక బట్టల క్లిప్పు.

ఇంతటితో ఆగితే అరటిపండు కన్నా ఓ మెట్టు పైన ఉండి, ఇవాళ మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ పుస్తకం ఏమంటుంది? జీర్ణాశయంలోంచి వచ్చే ఆమ్లాన్ని చిన్నపేగులో క్షారం విరిచేస్తుంది అంటుంది. క్లోమం నుంచి వచ్చే రసంలో ఉండేదీ, మన వంటింట్లో వంటసోడా డబ్బాలో ఉండేదీ దాదాపు ఒకటే అంటుంది. కాబట్టి గొట్టంలో ముందుగానే వంటసోడా కలిపిన నీళ్ళు పోసి, పైత్యరసం రంగుకి కాస్త పసుపు వేయాలనుకున్నాను. సోడా ఎంత? పిసినారితనం ఎందుకని సగం డబ్బా.

వంటసోడాలో వెనిగర్ పడితే ఏమవుతుందో మీకు తెలుసు. మీ ఇంట్లో పిల్లలకి తెలుసు. నాకూ తెలుసు. కాకపోతే ఆ తెలిసినవాడు, ఈ చిన్నపేగు కట్టినవాడు నా బుర్రలో వేర్వేరు గదుల్లో కాపురం ఉండేవాళ్ళు. ఒకరింటికి ఒకరు వెళ్ళేవాళ్ళు కారు.

ఆదివారం పెరట్లో రిహార్సల్ వేశాను. వెనిగర్ సీసా కోసం వెళ్తే సునీత అడ్డుపడింది. "అది ముట్టుకోకండి, కెటిల్‌కి కావాలి. ఈ ఊరి నీళ్ళకి కెటిల్ అడుగున సున్నం కొట్టినట్టుంది చూడండి. మీ ఆటకి మంచినీళ్ళు చాలు."

సరేనని వెనిగర్ బదులు నీళ్ళు పోశాను. ఆహా, ఏం నడిచిందండీ! ఇడ్లీ, పప్పు గొట్టంలో వయ్యారంగా జారుకుంటూ వెళ్ళి టైట్స్‌లో పడ్డాయి. ఆఫీసులో ఎవడైనా అసలు సరుకు లేకుండా టెస్ట్ చేశానంటే వాణ్ణి నమిలి మింగేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం, "అద్భుతం!" అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలిచాను. రచ్చ మాత్రం చేసి వచ్చాను.

శుక్రవారం పొద్దున సునీత పైన గదిలో ఆఫీసు కాల్‌లో ఉండగా, వెనిగర్ సీసాని కోటు కింద దాచి బడికి తరలించాను. కోటంటే మామూలు కోటనుకునేరు! ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న తెల్లకోటు. డాక్టరుది. జేబులో పెన్ను కూడా పెట్టాను.

హాసిని నన్ను ఎగాదిగా చూసి, "ఓ నో," అంది.

క్లాసులో బల్లలన్నీ గోడకి జరిపి, కార్పెట్ మీద ప్లాస్టిక్ షీటు పరిచారు. పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను పప్పుగుత్తి పైకెత్తి, "ఇవి దంతాలు!" అని ప్రకటించి ఇడ్లీ మీద విరుచుకుపడ్డాను. మొదటి వరసలో ఆల్ఫీ అని ఒక ఎర్రజుట్టు పిల్లాడు చెయ్యెత్తాడు.

"ఇప్పుడు మీరు అందులో ఉమ్ముతారా?"

"లేదు బాబూ, ఉమ్మికి బదులు నీళ్ళు పోస్తాను."

క్లాసు మొత్తం నిరాశగా నిట్టూర్చింది.

ముద్దని సాక్సులో పెట్టి పైనుంచి కిందికి పిండుతూ చెప్పాను. "అన్నం దానంతటది కింద పడదు. అన్నవాహిక ఇలా వెనకనుంచి నొక్కుతూ ముందుకి తోస్తుంది. తలకిందులుగా ఉండి తిన్నా సరే, అది పొట్టలోకే వెళ్తుంది."

మాట పూర్తికాలేదు, ఆల్ఫీ చేతుల మీద నిలబడి గోడకి కాళ్ళు ఆనించేశాడు. "బిస్కెట్ ఇవ్వండి! చూద్దాం!"

"ఆల్ఫీ, కాళ్ళు కిందికి," అన్నారు మిస్ టర్నర్, తల కూడా ఎత్తకుండా.

సంచిలో వెనిగర్ పోయగానే, "చిప్స్ షాపు వాసన!" అని అరిచింది ఫ్రేయా అనే అమ్మాయి. ఇక్కడ చిప్స్ మీద వెనిగర్ చల్లుకుని తింటారు లెండి. అందరూ నవ్వారు. హాసిని కూడా నవ్వింది. ఓరకంట ఆ నవ్వు చూశానండీ, ఇంక నాకు పట్టపగ్గాలు లేవు.

పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టి, అప్పటికే సోడా నీళ్ళు పోసి ఉన్న చిన్నపేగుని అందరి చేతుల్లోనూ పెట్టాను. ఒకరి తర్వాత ఒకరు నొక్కాలి, ముద్ద ముందుకి జరగాలి. అవతలి చివర క్లిప్పు దగ్గర హాసినిని నిలబెట్టాను. "అమ్మా, నేను చెప్పినప్పుడే తియ్యాలి. అదే నీ డ్యూటీ." హాసిని రెండు చేతులతో క్లిప్పుని పట్టుకుని, తల గట్టిగా ఊపింది.

సంచి మూల కత్తిరించి, లోపలున్నదంతా గొట్టంలోకి పిండేశాను. పొట్టలోకి వెళ్ళింది మళ్ళీ వెనక్కి రాకూడదు కదా, శాస్త్రం శాస్త్రమే! అందుకని ఇటుచివర పురికొసతో మెలేసి గట్టిగా ముడేశాను. అంటే అయ్యా, అమ్మా, దయచేసి గమనించండి: ఇటు ముడి, అటు క్లిప్పు, మధ్యలో సగం డబ్బా సోడా, సీసాడు వెనిగర్.

ముందు చిన్న 'సుయ్' వినిపించింది.

"అది మాట్లాడుతోంది!" అంది ఫ్రేయా.

"అవును, మన పొట్టలు కూడా అప్పుడప్పుడు..." అని మొదలుపెట్టానో లేదో, పేగు పొంగడం మొదలైంది. చపాతీలా పల్చగా ఉన్నది కాస్తా పూరీలా ఉబ్బింది. లోపల ఆకుపచ్చ, పసుపు నురగ బుడబుడలాడుతూ పిల్లల చేతుల్లోంచి పరుగు తీసింది.

"మిస్టర్ కొల్లి, ఇది ఇలాగే అవ్వాలా?" అని అడిగారు మిస్ టర్నర్, ఓ అడుగు వెనక్కి వేస్తూ.

"ఆఁ, ఆఁ, గ్యాసు! చాలా సహజం!" అన్నాను. నా చేతికున్న వాచీ 'టింగ్' మంది. సునీత మెసేజ్: 'వెనిగర్ కనపడట్లేదు. మీరేమైనా తీసుకెళ్ళారా?'

చిన్నపేగు ఇప్పుడు కొండచిలువ. మామూలు కొండచిలువ కాదు, మేకని మింగిన కొండచిలువ. పిల్లల చేతులు దాని చుట్టూ అందట్లేదు. కొందరు దాన్ని కౌగిలించుకున్నారు. ఆల్ఫీ దాని మీదికెక్కి, "ఇది నన్ను కూడా జీర్ణం చేసుకుంటుంది!" అని పరమానందంగా కేకలు పెడుతున్నాడు. పిల్లలకి చెలగాటం, తండ్రికి ప్రాణసంకటం.

'టింగ్.' సునీతే. 'సోడా డబ్బా కూడా లేదేంటండీ? ఆ రెండూ కలిపితే పొంగుతాయి. నేను సింకు శుభ్రం చేసేది వాటితోనే!'

నా బుర్రలో ఇన్నేళ్ళూ విడివిడిగా కాపురమున్న ఆ ఇద్దరూ అప్పుడు కలుసుకున్నారు.

"హాసినీ! క్లిప్పు తియ్యకు!" అని అరిచాను.

తెలుగులోనే అరిచాను. భయమేసినప్పుడు ఇంగ్లీషు ఎవరికి వస్తుందండీ? 'తియ్య' తర్వాత ఉన్నది ఒకే ఒక్క 'కు'. ఆ ఒక్క అక్షరం పిల్లల కేకల్లో కొట్టుకుపోయింది. నాన్న చెప్పినప్పుడు తియ్యాలి. నాన్న చెప్పాడు. హాసిని క్లిప్పు తీసింది.

సరిగ్గా అదే క్షణంలో తలుపు తెరుచుకుంది. హెడ్ టీచరు మిసెస్ విట్‌ఫీల్డ్ వచ్చారు. వెనక బడి చూడటానికి వచ్చిన ఒక కుటుంబం. తల్లి, తండ్రి, ఒక అబ్బాయి. "ఇక్కడ మా ఇయర్ ఫోర్ పిల్లలు ప్రశాంతంగా..." అంటున్నారావిడ.

ఆ చప్పుడు ఎలాంటిదో రాయడానికి మన యాభయ్యారు అక్షరాలూ చాలవు. మీ అందరికీ తెలిసిన చప్పుడే. దాన్ని ఆరు మీటర్ల పొడవున ఊహించుకోండి. నురగంతా ముందుకి ఉరికింది. పెద్దపేగు, అంటే మా ఆవిడ టైట్స్, ఊడి గాల్లోకి లేచి, రెండు కాళ్ళూ చాపుకుని క్లాసంతా దాటి వెళ్ళి, మిసెస్ విట్‌ఫీల్డ్ మెడ చుట్టూ పడి, రెండు కొసలూ ఆవిడ రెండు భుజాల మీదుగా వేలాడాయి. మన సభల్లో ముఖ్య అతిథికి శాలువా కప్పుతారు చూడండి, అచ్చం అలా. ఆకుపచ్చ శాలువా. తడి శాలువా.

ఖాళీ అయిన గొట్టం ఆఖరిసారి 'పుర్ర్' మని ఊరుకుంది. నా తెల్లకోటు మీంచి పప్పు కారుతోంది. నాకు హాసిని తప్ప ఎవరూ కనిపించట్లేదు. కంచె పక్కన నిలబడే పిల్ల. మొదటిసారి చెయ్యెత్తిన పిల్ల. దాని పరువు ఆరు మీటర్ల మేర కార్పెట్ మీద పరిచేశాను. ఇంక ఈ బడిలో జన్మలో చెయ్యెత్తుతుందా?

హాసిని చెయ్యెత్తింది.

చేతిలో క్లిప్పు అలాగే ఉంది. జుట్టులో పాలకూర ఉంది. "ఎక్స్‌క్యూజ్ మీ, మిసెస్ విట్‌ఫీల్డ్," అంది, చివరి వరసకి కూడా వినపడేలా. "దట్స్ ద లార్జ్ ఇంటెస్టైన్. మిగిలిన నీళ్ళన్నీ అది పీల్చేసుకుంటుంది."

మిసెస్ విట్‌ఫీల్డ్ కళ్ళద్దాలు తీశారు. ఒక అద్దం తుడుచుకున్నారు. తన క్రీమ్ రంగు బ్లౌజు వైపు నెమ్మదిగా తల వంచి చూసుకున్నారు.

"అది పీల్చుకోలేదమ్మా," అన్నారు. "నా బ్లౌజు పీల్చుకుంది."

ముందు ఆల్ఫీ పడ్డాడు, నవ్వలేక నేల మీద. తర్వాత క్లాసు మొత్తం పడింది. మిస్ టర్నర్ బోర్డు వైపు తిరిగిపోయారు గానీ ఆవిడ భుజాలు దాగలేదు. గుమ్మంలో ఉన్న అబ్బాయి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. "మమ్మీ, నేను ఇదే బడిలో చేరతాను. ఇవాళే!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసుని ఇంట్లో వండి, డబ్బాలో పెట్టుకుని, కారులో తీసుకెళ్ళి మరీ తొక్కినవాణ్ణి. మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ తుడుస్తుంటే సునీత ఫోన్ చేసింది.

"నా మెసేజ్‌లు చూశారా?"

"చూశాను."

"ఆ రెండూ కలపలేదు కదా?"

"నేను కలపలేదు సునీతా. వాటంతటవే కలిశాయి."

అటువైపు సునీత గొంతు తగ్గించింది. తర్వాత భయంభయంగా అడిగింది. "హాసిని ఏడుస్తోందా?"

కిటికీలోంచి చూశాను. ప్లేటైమ్. కంచె పక్కన ఎవరూ లేరు. మైదానం మధ్యలో హాసిని నిలబడి ఉంది, చుట్టూ గుంపు. తలలో పాలకూర తీసుకోనివ్వట్లేదు పిల్లలు, అదేదో కిరీటమైనట్టు. ఆల్ఫీ, ఫ్రేయా, మిగతావాళ్ళంతా బారుగా ఒకరి నడుము ఒకరు పట్టుకుని చిన్నపేగయ్యారు. హాసిని చివర నిలబడి, చెయ్యి పైకెత్తి, "తియ్యి!" అని తెలుగులో అరుస్తోంది. అరవగానే అందరూ ఆ చప్పుడు చేస్తూ నాలుగు వైపులా పరిగెడుతున్నారు. మళ్ళీ వచ్చి బారు కడుతున్నారు. మళ్ళీ "తియ్యి!"

"లేదు," అన్నాను. "బాగానే ఉంది. చాలా బాగుంది." తెల్లకోటు అంచుతో కళ్ళు తుడుచుకున్నాను. వెనిగర్ ఘాటుకి అయ్యుంటుంది.

సాయంత్రం హాసిని కోసం గేటు దగ్గర నిలబడితే, "హాసినీ వాళ్ళ డాడ్! హాసినీ వాళ్ళ డాడ్!" అని పిల్లలు చేతులూపుతూ వెళ్ళారు. వాళ్ళ వెనకే మిసెస్ విట్‌ఫీల్డ్ వచ్చారు. ఆవిడ ఒంటి మీద పిల్లలు ఆటల పీరియడ్‌లో వేసుకునే, బడి లోగో ఉన్న టీషర్టు. నేను తల వంచుకున్నాను. క్షమాపణ మొదలుపెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టారు.

"మిస్టర్ కొల్లి, నేను టీచరుగా పనిచేసినంత కాలంలో, జీర్ణవ్యవస్థ పాఠం ఒక్క పిల్లవాడు కూడా మర్చిపోకపోవడం ఇదే మొదటిసారి. కృతజ్ఞతలు."

నా ఛాతీ పొంగింది. సోడా లేకుండానే.

"ఇంకొక మాట," అన్నారావిడ, నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా. "వచ్చే టర్మ్‌లో మా పాఠం అగ్నిపర్వతాలు. దయచేసి మీరు రావద్దు."

రాను తల్లీ, రాను. పాలకూర సాక్షిగా, పప్పుగుత్తి మీద ప్రమాణం చేసి, ఇంతమంది పాఠకుల ఎదుట చెబుతున్నాను. ఇకమీదట నా బతుకులో జీర్ణక్రియ అనేది జరిగితే అది నా ఒంట్లోనే, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నోరు మూసుకుని, ఎవరికీ వివరించకుండా జరుగుతుంది. ఎవరైనా మరీ బలవంతపెడితే, అరటిపండు ఒలిచి చేతికిస్తాను.